పేట నీళ్లకు వేరే గీత

క్రిస్టినా పుట్టింది నిడదవోలు పక్కన ఒక దళిత పేటలో. ఊరివాళ్ల బిందెలన్నీ నిండాకే కుళాయి దగ్గర వాళ్లమ్మ సంపూర్ణమ్మ వంతు వచ్చేది. డిగ్రీ అయ్యాక రాజమండ్రిలో కంప్యూటర్ కోర్సు చేసి, 2004లో మంచినీళ్ల సర్వేలు చేసే ఒక ప్రైవేటు సంస్థలో చేరింది. నీటి పరీక్షల ఫలితాలను డేటాబేస్ నుంచి తీసి వెబ్‌సైట్‌లో ఊరికో గీత చొప్పున గ్రాఫు వేయడం ఆమె పని. ఉప్పు పరిమితి దాటితే గీత ఎర్రగా పడుతుంది, లేకపోతే పచ్చగా. ఎర్రగా పడిన చోటికే కొత్త పైపులైను.

మొగల్తూరు వైపు ఒక ఊరికి పచ్చ గీత పడింది.

"అక్కడి పేట బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేమండి. చుట్టూ రొయ్యల చెరువులే కదా," అన్నాడు నమూనాలు తెచ్చే విజయ్ పాల్.

క్రిస్టినా లెక్క విప్పి చూసింది. ఊళ్లో తీసిన మూడు నమూనాల్లో ఉప్పు లీటరుకు ఆరేసి వందల మిల్లీగ్రాములు. పేటలో తీసిన ఒక్కదానిలో రెండు వేల తొమ్మిది వందలు. పరిమితి రెండు వేలు. ఫారంలో ఊరికీ పేటకీ ఒకటే కోడ్ కాబట్టి కంప్యూటర్ నాలుగూ కలిపి సగటు తీసేసింది. కూటి దగ్గర, కుళాయి దగ్గర, ఆఖరికి శ్మశానం దగ్గర కూడా వేరుగా ఉంచిన పేటను సగటు దగ్గర మాత్రం ఊళ్లో కలుపుకున్నారు.

రిమార్కుల్లో 'పేట' అని రాసి ఉన్న నమూనాలన్నిటినీ ఆమె విడదీసింది. పదకొండు ఎర్ర గీతలు లేచాయి.

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను?" అన్నాడు మేనేజరు చంద్రరావు. "పోయినేడు బాగున్నాయని మనం రిపోర్టు ఇచ్చిన ఊళ్లివి. మధ్యాహ్నం మూడు గంటలకి సర్కారు ఇంజనీర్లొస్తారు. పాతది పెట్టు."

"పాతది అబద్ధమండి."

"సగటు అబద్ధమా? లెక్కలెక్కడ నేర్చుకున్నావమ్మా, చర్చిలోనా?"

"పోనీ ఆ ఊరి నీళ్లూ పేట బోరు నీళ్లూ ఒక బిందెలో కలిపి తెప్పిస్తాను. మీరు తాగుతారా అండి?"

చంద్రరావు మొహం మాడిపోయింది. "పేట బుద్ధి ఎక్కడికి పోతుంది? రేపట్నించి రాకు."

"రేపటిదాకా ఎందుకండీ," అని క్రిస్టినా క్యారియర్ తీసుకుని వెళ్లిపోయింది.

గ్రాఫు వెనక్కి మార్చడం ఆ ఆఫీసులో ఇంకెవరికీ రాదు. ఆమె వెళ్లాకగానీ ఆయనకది తట్టలేదు. మూడింటికి తెర మీద ఎర్ర గీతలే పడ్డాయి. ఇంజనీరు ఫారాలు అడిగాడు. విజయ్ పాల్ తెచ్చి బల్ల మీద పరిచాడు.

ఏడాదికి మొగల్తూరు వైపున్న ఆ పేటకు కుళాయి వచ్చింది. ప్రారంభోత్సవంలో శాలువా చంద్రరావుకి కప్పారు. క్రిస్టినాని ఎవరూ పిలవలేదు. నెట్ సెంటర్లో జనాలకు దరఖాస్తులు టైపు చేస్తున్న ఆమె దగ్గరికి వచ్చి విజయ్ పాల్ ఆ సంగతి చెప్పాడు.

"శాలువా ఆయన్నే కప్పుకోమను. నువ్వు ఆ నీళ్లు తాగావా?"

"తాగానండి. చప్పగా ఉన్నాయి."