నా మీద రాయించిన ఫిర్యాదు

కల్లూరు దాటాక రోడ్డు పక్కన మా ఆయన పెట్రోలు బంకు నడిపేవాడు. ఆయన పోయాక ఏడాదిన్నర నేనే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. చేతకాక మూసేశాను. పంపులు పీకించి అమ్మి, భూమిలో ఉన్న టాంకుల్లో ఇసుక పోయించి, ఇక ఆ పని అయిపోయిందనుకున్నాను.

తర్వాత ఆ జాగా కిరాయికి తీసుకున్న హోటలాయన బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి, వాటితోపాటు పెట్రోలు వాసన కూడా వచ్చింది. ఆయన అడ్వాన్సు వెనక్కి పుచ్చుకుని వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా నాకు సర్కారు నోటీసు వచ్చింది. చెడిన మట్టి తవ్వి తీయించాలి, చుట్టుపక్కల నీళ్లు పరీక్ష చేయించాలి. ఆ పని చేసేవాళ్లు చెప్పిన ఖర్చుకు జాగా మొత్తం అమ్మినా చాలదు.

బంకు వెనక గోడకు ఆనుకుని ఒక లంబాడీ కుటుంబం ఇల్లు, బావి, మిరప చేను ఉన్నాయి. ఆ ఇంటి పెద్దామెను నేను అక్కా అంటాను. మా ఆయన పోయినప్పుడు మూడు రోజులు మా పొయ్యి దగ్గర నిలబడి వండిపెట్టింది ఆమే. నోటీసు పట్టుకుని ముందు ఆమె దగ్గరికే వెళ్లి, బావి నీళ్లు ఎట్లా ఉన్నాయని అడిగాను. ఆ నీళ్లు తాగడం ఎప్పుడో మానేశామంది. ఊళ్లోంచి బిందెలతో తెచ్చుకుంటున్నారట.

“నాకెందుకు చెప్పలే అక్కా?”

“చెప్తే ఏం జేస్తవ్? అప్పుడే మీ ఆయన పోయిండు. నీ బాధ నీకున్నది.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బంకుకు ఇన్సూరెన్స్ కట్టించిన ఏజెంటు ఇప్పుడు పని మానుకుని భద్రాచలంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఇంకెవరిని అడగాలో తోచక బస్సెక్కి ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని, అగ్గి ప్రమాదం పాలసీ దీనికి పనికిరాదన్నాడు. బంకు వల్ల బయటివాళ్లకు నష్టం జరిగితే కట్టిచ్చే పాలసీ ఇంకొకటి ఉండేదట. మా ఆయన చివరి నాలుగేళ్లు దాన్ని కట్టాడట. నాకు ఆ సంగతే తెలియదు.

అది ఎప్పుడో అయిపోయింది కదా అన్నాను.

“అయిపోతే ఏందమ్మా? అది నడిచిన రోజుల్ల జరిగిన నష్టానికి అదే జవాబు చెప్పాలె” అన్నాడు.

ఆయన పాత కాగితాలు అటక మీద ఉన్నాయి. కింద పెడితే గోదారి వరద ఉంచదు. మధ్యాహ్నం దాకా ఇద్దరం కట్టలు విప్పి చూశాం. నాలుగేళ్ల పాలసీల నకళ్లూ దొరికాయి. నేను లేవబోతుంటే ఆయన ఆపాడు. నేను అడిగితే కంపెనీ ఇవ్వదట. నా వల్ల నష్టపోయినవాళ్లు నన్ను అడగాలి, అదీ రాతపూర్వకంగా. అప్పుడే పాలసీ కదులుతుందన్నాడు.

మర్నాడు పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్లి, నా మీద ఫిర్యాదు రాసివ్వమన్నాను. ఆమె మొహం మాడ్చుకుంది.

“నీ మీద కాయితం నేనెట్ల రాస్త చెల్లె? తండల ఏమనుకుంటరు?”

ఎంత చెప్పినా వినలేదు. ఆమె కోడలు ఖమ్మం దవాఖానాలో నర్సు. ఆదివారం ఇంటికి వచ్చి, ఆ నకళ్లు చదివి, డబ్బు కట్టేది నేను కాదు, కంపెనీ అని అత్తకు తమ లంబాడీ మాటలో చెప్పింది. సాయంత్రం నన్ను పిలిపించారు. అక్క చెప్తుంటే కోడలు రాసింది, రాసింది మొత్తం నాకు చదివి వినిపించింది. ఎన్నాళ్లు బిందెలు మోసిందో, నడుము ఎప్పుడు పట్టేసిందో, ఆ నీళ్లు పెట్టిన మిరప నారు ఎట్లా మాడిపోయిందో, స్నానం చేశాక మనవరాలి ఒంటి మీద దద్దుర్లు ఎట్లా లేచాయో అన్నీ ఉన్నాయి అందులో. ఇన్నేళ్ల పొరుగులో ఒక్కటి కూడా నాతో అనని మాటలు.

“రాయమన్నవ్ గదా. ఉన్నది ఉన్నట్టే చెప్పిన” అంది అక్క, నా వైపు చూడకుండా. అవ్ అన్నాను.

ఆ కాయితం పంపితే, కాలుష్యం పాలసీ కిందికి రాదని కంపెనీ మొదట తిరగ్గొట్టింది. వకీలుతో ఉత్తరాలు రాయిస్తే కొన్ని నెలలకు నష్టం లెక్కగట్టే సర్వేయరును పంపింది. లీకు ఎప్పుడు మొదలైందో తేల్చాలన్నాడాయన. మా ఆయన రోజూ పొద్దున టాంకులో కొలకర్ర దించి ఎంత ఉందో రిజిస్టర్‌లో రాసేవాడు. ఆ రిజిస్టర్లు ఇచ్చాను. ఆ పాలసీ మొదలైన ఏడాది ఎండాకాలం నుంచి రోజూ లెక్క కంటే కొంచెం కొంచెం తక్కువ వస్తూనే ఉంది. అప్పట్లో ట్యాంకర్ డ్రైవరు కొట్టేస్తున్నాడని మా ఆయన అనుకుని వాడితో తగవు పడ్డాడు.

“టాంకు కారుతుందని మీకెప్పుడూ అనుమానం రాలేదా?” అని సర్వేయరు అడిగాడు.

రాలేదంటే సరిపోయేది. కానీ మా ఆయన పోయే ముందు ఏడాది నేనే ఆయన్ను ఆ మాట అడిగాను. టాంకు మార్చాలంటే తవ్వాలి, బంకు నెలరోజులు మూయాలి, తర్వాత చూద్దామన్నాడు. నేను మళ్లీ అడగలేదు. సర్వేయరుకు అదే చెప్పాను. తెలిసీ ఊరుకున్నారని కంపెనీ ఆ ఏడాది పాలసీని పక్కన పెట్టి, ముందరి మూడేళ్లవి ఒప్పుకుంది. ఎందుకు చెప్పారమ్మా అని ఏజెంటు ఫోనులో కోప్పడ్డాడు.

ఆ డబ్బుతో అక్క వాళ్లకు బంకు జాగాకు దూరంగా కొత్త బోరు వేయించారు, బావి తోడించారు. బావిలోకి ఊరుతున్న మట్టి తీయడానికీ సాయం అందింది. నా జాగాలో మిగిలిన మట్టి ఖర్చు నాదే. రోడ్డు వైపు సగం అమ్మి కట్టాను. టార్పాలిన్లు కప్పిన లారీలు వారం పైనే తిరిగాయి.

పని అయ్యాక, సర్వేయరుకు చెప్పిన మాట అక్కకూ చెప్పాను. వేరేవాళ్ల నోటి నుంచి వినడం బాగుండదనిపించింది.

“అంటే మీ ఇద్దరికి ముందే తెలుసా?” అంది.

“అనుమానం ఉండె అక్కా.”

ఆమె లోపలికి వెళ్లింది. దాదాపు రెండు నెలలు గోడ అవతల నుంచి నాకు పిలుపు రాలేదు. ఎదురుపడితే తిన్నవా అనేది, అంతే. మొన్న తనే వచ్చి, దమ్మపేటలో వాళ్ల చుట్టాలింట్లో పెళ్లి ఉంది, తోడు రమ్మంది. ఇద్దరం బస్సులో పక్కపక్కనే కూర్చుని వెళ్లాం. దారిలో కోడలి బదిలీ గురించి చాలాసేపు మాట్లాడింది.