మడతల్లో చిట్లిన ఆప్రాన్

పగుళ్ళు పడ్డ సీసం ఆప్రాన్ మా ఆవిడకి తొడిగి, కొత్తది డాక్టరు వేసుకున్నాడు. అప్పటికి ఆవిడ నెల తప్పి ఉంది. ఆ సంగతి ఆయనకి తెలుసు.

డెబ్బైల చివరి మాట ఇది. మా ఆవిడ బెజవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి నర్సు. నేను ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనివాణ్ణి. బడి ఐదో తరగతితో ఆగినా, దొరికిన కాగితమల్లా చదివే రోగం నాకుంది. మద్రాసులో నేర్చుకొచ్చిన గుండె డాక్టరొకాయన ఆవిడ ఆస్పత్రిలో తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా ఎక్కించేవాడు. అది ఎటు పోతోందో తెరమీద కనపడాలంటే ఎక్స్‌రే వేసే ఉంచాలి. ఆ సేపంతా రోగి తల దగ్గర నిలబడి, కదలకుండా పట్టుకుని ధైర్యం చెప్పేది మా ఆవిడే.

ఆ గదికి ఆప్రాన్లు రెండే, ఆయనదొకటి, ఆవిడదొకటి. ఎక్స్‌రే ఒంటికి తగలకుండా సీసం కలిపిన రబ్బరు లోపలుంటుంది. వాటిని వేలాడదీయాలి, మడతపెడితే ఆ రబ్బరు చిట్లుతుందని ఎవరూ చెప్పలేదు. ఆవిడ పెడనలో నేతవాళ్ళ ఆడపడుచు. బట్టని అంచుకి అంచు కలిపి, అరచేత్తో అదిమి, మడతపెట్టి బీరువాలో సర్దకపోతే చెయ్యి ఊరుకోదు. చీర మడతపెట్టినట్టే వాటినీ రోజూ పెట్టింది. ఎంత పొందిగ్గా పెడతావమ్మా అని అందరూ మెచ్చుకున్నారు. చెప్పాల్సిన డాక్టరే ముందు మెచ్చుకున్నాడు.

ఒకరోజు ఆయనకే అనుమానమొచ్చి ఆప్రాన్లని ఎక్స్‌రే కింద పెట్టి చూశాడు. మడత పడ్డచోటల్లా రబ్బరు చిట్లి, తెరమీద గీతలు గీతలుగా వెలుతురు. తనకి మాత్రం కొత్తది తెప్పించుకున్నాడు.

"మడతలు నీవే కదమ్మా, కొన్నాళ్ళు నువ్వే తొడుక్కో" అని నవ్వాడట. ఆవిడ ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

డ్యూటీ వార్డుకన్నా మార్చండి, ఇంకో ఆప్రానన్నా తెప్పించండి అని ఆస్పత్రి మేనేజరుని అడిగాను. ఆయన డాక్టర్నడగమన్నాడు. డాక్టరు మేనేజర్నడగమన్నాడు. ఆవిడ నన్నే కోప్పడింది.

"మీరు ఆస్పత్రి మెట్లెక్కడం మానండి. ఇంకో మనిషి దొరికితే నన్ను ఇంటికి పంపేస్తారు."

ఆప్రాన్ లోపల పొట్టమీద పాత దుప్పటి ముక్క కట్టుకుని వెళ్ళేది. ఎక్స్‌రేకి దుప్పటేం అడ్డం.

నాలుగో నెలలో కడుపు పోయింది. ఆప్రాన్ వల్లేనని ఇవాళ్టికీ నేను ఒట్టేసి చెప్పలేను. కాదని ఒట్టేసిన మనిషినీ చూడలేదు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని, "నేను మడతపెట్టకుండా ఉండాల్సింది" అంది. ఆ మాట విన్నాక నేను ఇంట్లో నిలవలేకపోయాను.

మేనేజరు గదిలో డాక్టరూ ఉన్నాడు. నన్ను కూచోమనలేదు. చెప్పాల్సిందంతా నిలబడే చెప్పాను. డాక్టరు చివరిదాకా విని, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"కడుపులు పోవడం ఇంట్లో కూచున్న ఆడవాళ్ళకీ ఉందయ్యా. ఇంకో ఆప్రాన్‌కి ఆర్డరు పెట్టాంలే. మీ ఆవిడ డ్యూటీకెప్పుడొస్తుంది?"