సంసోను ఈల

సంపూర్ణకు ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా ఈల వేయడం రాదు. చిన్నప్పుడు ఒకసారి వేయబోతే, ఆడపిల్ల ఈల వేస్తే ఇంటికి అరిష్టమని నాయనమ్మ మూతి మీద చరిచింది. అప్పటినుంచి ఆ జోలికి పోలేదు. బూర్గంపాడు బడిలో మధ్యాహ్న భోజనం వండటం, ఆదివారం మందిరానికి వెళ్లడం, సాయంత్రం అత్త రాహేలమ్మకు తల దువ్వడం, ఇదే ఆమె లోకం. పిల్లలు కలగలేదు. ఆ ఇంట్లో ఈల వేసేవాడు ఆమె భర్త సంసోను.

సంసోను సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్ కర్రను లారీలకెత్తే కాంట్రాక్టు కూలీ. 2006 మే నెలలో ఒక తోట నరుకుతుంటే చెట్టుతోపాటు ఒక గూడు కూలింది. మూడు పిల్లల్లో రెండు అక్కడే చచ్చాయి. మూడోదాన్ని తువ్వాలలో చుట్టి ఇంటికి తెచ్చాడు. జాలె డేగ పిల్ల. గుప్పెట్లో పట్టేంత ఒళ్లు, ఎవరినీ నమ్మని పసుపుపచ్చ కళ్లు.

డేగను చేతి మీద ఆడించడం ఆ చుట్టుపక్కల తెలిసినవాడు పగిడయ్య ఒక్కడే. అడవి అంచు గూడెంలో ఉండే కోయ ముసలాయన. ఆయన చిన్నతనంలో ఒక దొర వేట డేరాలు అక్కడ పడేవి. దొర వెంట హైదరాబాదు నుంచి డేగలను సాకే మీర్‌శికారి ఒకడు వచ్చేవాడు. మూడు చలికాలాలు ఆ మీర్‌శికారి వెనక పగిడయ్య డేగలు వాలే దండెం మోశాడు. అప్పుడు కళ్లతో నేర్చుకున్నదంతా అరవై ఏళ్ల తర్వాత సంసోనుకు చెప్పాడు. పని దిగగానే సంసోను డేగను సైకిలు మీద పెట్టుకుని గూడెం పక్కనున్న వెదురు పొదల దగ్గరికి పోయేవాడు. ఈల వేసి పిలిచేవాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. ఆ పొడుగుది చివర కొంచెం కిందికి జారేది.

ఆగస్టులో గోదావరి ఎగదన్నింది. కిన్నెరసాని నీళ్లు వెనక్కి తిరిగి పొలాల్లోకి వచ్చాయి. ఆ పొద్దున సంసోను పెరట్లో నిలబడి, "ఆ చిన్న కోడిపిల్లను ఇయ్యే సంపూర్ణా. నిన్నటి సంది ఏం తినలే అది," అన్నాడు.

"ఊరు మునుగుతుంటే డేగకు కోడిపిల్లనా? నేనియ్య."

సంసోను నవ్వాడు. "సరె తియ్యి. నీళ్లకు ఎలుకలన్ని కట్టమీదికి ఎక్కుంటయి. రెండు కొట్టుకొస్త," అని కర్ర పట్టుకుని వెళ్లాడు.

గంటలోపే కట్ట తెగింది. అవతలి గట్టున ఉన్న ఇద్దరు అతని చెయ్యి ఒక్కసారి పైకి లేవడం చూశారు. అంతే. శవం దొరకలేదు.

మధ్యాహ్నానికి ఊరివాళ్లను ట్రాక్టర్లలో ఎక్కించి మెరక మీది బడికి తరలించారు. సంపూర్ణ బియ్యం సంచి కూడా తీసుకోలేదు. రాహేలమ్మ మాత్రం డేగను కోళ్లగంపలో పెట్టి, ఆ గంపను ఒళ్లో పెట్టుకుని ట్రాక్టరెక్కింది. "వాడొచ్చి నా డేగేదే అంటే ఏం చెప్పాలె?" అంది.

నీళ్లు తీశాయి. ఇంట్లో మోకాలెత్తు ఒండ్రు ఎత్తిపోసుకున్నారు. డేగ మళ్లీ పెరట్లో దండెం ఎక్కింది. సంపూర్ణ కనిపిస్తే చాలు, మెడ ముందుకు చాచి అరిచేది. ఆకలి అరుపే, కానీ ఆమెకు అందులో మాట వినిపించేది. కోడిపిల్లను అడిగిన మాట. బడిలో గంజి వారుస్తున్నప్పుడూ, మందిరంలో ప్రార్థన చేస్తున్నప్పుడూ అదే మాట. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే అత్త ముఖం ఎలా మారుతుందో తలుచుకుని నోరు కట్టేసుకుంది.

ఒక పొద్దున ఇక ఓర్చుకోలేక, కాలికున్న తోలుపట్టీ నుంచి తాడు విప్పి డేగను గాల్లోకి విసిరేసింది. అది పోయి పక్కింటి పెంకుల మీద వాలింది. రెండు రోజులు అక్కడే కూర్చుని అరిచింది. కాకులు చుట్టుముట్టి పొడిచాయి. మూడోరోజు తోక ఈకలు విరిగి, దానంతట అదే దండెం మీదికి వచ్చి కూర్చుంది.

ఆ వారం సంతకు వచ్చిన పగిడయ్య పలకరించడానికి ఇంటికి వచ్చాడు. అరుగు మీద కాసేపు కూర్చుని, పెరట్లోకి వెళ్లి డేగను చూశాడు.

"ఇడిసిపెట్టినవా బిడ్డా?"

"అవ్ తాతా. నాకొద్దు ఇది. అడవిల నువ్వే ఇడిసిపెట్టు."

"ఇడిస్తె మూడు దినాలల్ల చస్తది. గూట్లకెల్లి పడ్డ పిల్ల. అమ్మ నేర్పలే, నీ మొగడు సగమే నేర్పిండు. ఏట నేర్చుకుంటెనే బతుకుతది."

"మరి నువ్ నేర్పు."

పగిడయ్య తన చేతులు చూపించాడు. రెండూ వణుకుతున్నాయి. "డేగకు వణికే కొమ్మ పనికిరాదు బిడ్డా. నేను చెప్త. నువ్ చెయ్యి. ఏట రాంగనే ఇడిసిపెట్టేద్దం. ఫారెస్టోళ్లు చూస్తే కేసయితది, జల్దీ కానియ్యాలె."

అలా సంపూర్ణ మొదలుపెట్టింది. చేతికి తొడుక్కోవడానికి సంసోను వాడిన పాత వెల్డింగ్ గ్లవుజు ఉంది. వరదలో తడిసి ఎండి గట్టిపడింది. చెయ్యి దూర్చితే లోపల అతని వేళ్ల గుంతలు అలాగే ఉన్నాయి. ఆమె వేళ్లు ఆ గుంతల్లో సగానికే వచ్చాయి. వెంటనే తీసేసింది. మర్నాడు మళ్లీ తొడుక్కుంది.

డేగ మొదట చేతి మీద నిలవలేదు. తలకిందులుగా వేలాడి రెక్కలు కొట్టుకునేది. కోపం తెచ్చుకోకుండా, చెయ్యి కదపకుండా, దాన్ని మెల్లగా లేపి మళ్లీ నిలబెట్టాలి. పది సార్లయితే పది సార్లు. దాని కళ్లల్లోకి సూటిగా చూడకూడదు, పక్కకి చూస్తుండాలి. తిండి ఎంత పెట్టాలో రొమ్ము ఎముక మీద ఆనించిన వేళ్లే చెప్తాయన్నాడు పగిడయ్య. "రొమ్ముబొక్క ముట్టి చూడు. కత్తి అంచులెక్క తగిల్తే ఆకలెక్కువైనట్టు. దూది లెక్క తగిల్తే తిండెక్కువైనట్టు. రెండిటి నడుమ ఉంటెనే అది నీ మాట ఇంటది." రోజూ పొద్దున్నే ఆమె ఆ చిన్న రొమ్ము మీద రెండు వేళ్లు ఆనించి చూసేది. ఈకల కింద గుండె దడదడలాడేది. మార్కెట్లో చికెన్ కొట్టేవాడి దగ్గర గుండెకాయలు తెచ్చి ముక్కలు చేసి పెట్టేది.

అక్టోబరుకి డేగ చేతి మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. జానెడు దూరం నుంచి చేతి మీదికి దూకింది. గజం నుంచి దూకింది. కాలికి పొడవాటి గాలపుదారం కట్టి ఇంకా దూరం నుంచి పిలిస్తే మాత్రం రాలేదు. "దా, దా" అంటే ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూసేది.

"దానికి మాట తెల్వది," అన్నాడు పగిడయ్య. "సంసోను ఈలే తెల్సు."

కట్టెల పొయ్యి దగ్గర అన్నం ఉడుకుతుంటే సంపూర్ణ పెదవులు సున్నాలా చుట్టి ఊదేది. గాలి వచ్చేది, శబ్దం వచ్చేది కాదు. తోటి వంటామె దుర్గ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏందక్కా, మొగోనిలెక్క?" నెల పట్టింది. ముందు ఈల పలికింది, తర్వాత రెండు పొట్టివీ ఒక పొడుగుదీ కుదిరాయి. ఎంత గుర్తు చేసుకున్నా ఆ చివర జారడం మాత్రం రాలేదు.

ఒక సాయంత్రం, వెలుగుండగానే, డేగను పెరటి కంచె మీద కూర్చోబెట్టి ముప్పై అడుగుల దూరం నడిచింది. చెయ్యి చాచి ఈల వేసింది. డేగ తల తిప్పింది. నేలకు తాకుతుందా అన్నంత కిందుగా దూసుకొచ్చి, చివర్లో పైకి లేచి చేతి మీద వాలింది. సంపూర్ణ సంతోషంతో నోరు తెరిచేలోపు వెనక గడప దగ్గర చప్పుడైంది.

రాహేలమ్మ చెంబునిండా నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది. "వచ్చినవా కొడుకా? ఇగో, కాళ్లు కడుక్కో," అంది. ఆ మాట పూర్తవుతుండగానే కోడలిని, చేతి మీది డేగను చూసింది. చెంబు జాగ్రత్తగా కింద పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. లోపలికి వెళ్లి పడుకుంది.

మర్నాడు ఆ వేళకు తనే పెరట్లోకి వచ్చి, అటు తిరిగి కూర్చుంది. "మళ్ల ఒకసారి ఎయ్యి బిడ్డా," అంది. సంపూర్ణ వేసింది. ముసలామె కళ్లు మూసుకుని, "అవ్, ఉన్న, ఈడ్నే ఉన్న," అని జవాబు చెప్పింది.

అప్పటినుంచి రోజూ అదే. రాహేలమ్మ ముగ్గురికి బియ్యం పోసేది. మూడో పళ్లెం బోర్లించి ఉంచేది. పాస్టరు గారు చావు తర్వాత జరిపే ఆదరణ కూడిక పెట్టుకుందామని వస్తే, "శవం లేకుండ ఆదరణ కూడిక ఏంది? మీకెవరు చెప్పిండ్రు వాడు పోయిండని?" అని కసిరి పంపింది. సంపూర్ణకు భయం పట్టుకుంది. ఈల వేసిన ప్రతిసారీ తన నోట్లోంచి తనది కానిదేదో బయటికి వస్తున్నట్టు, దాన్ని విని ఆ నీళ్లలోంచి ఎవరో లేచి నడిచి వస్తున్నట్టు అనిపించేది.

జనవరిలో పగిడయ్య, "దారం ఇప్పే దినమొచ్చింది," అన్నాడు. సంపూర్ణ డేగను గంపలో పెట్టుకుని ఆటోలో సారపాక దాకా వెళ్లి, అక్కడినుంచి నడిచి గూడెం చేరింది. సంసోను డేగను ఆడించిన వెదురు పొదల దగ్గరికి ఆమె రావడం అదే మొదలు. మంచు ఇంకా విడలేదు. పగిడయ్య వెనక నిలబడ్డాడు. ఆమె దారం విప్పి, డేగను ఎండిన మోడు మీద కూర్చోబెట్టి వెనక్కి నడిచింది.

ఇంకా ఈల వేయలేదు. పెదవులు తడుపుకుంటోంది.

వెదురు పొదల్లోంచి ఈల వినిపించింది. రెండు పొట్టివి. ఒకటి పొడుగుది. ఆ పొడుగుది చివర కొంచెం కిందికి జారింది.

డేగ మెడ అటు తిప్పింది. మరుక్షణం మోడు మీద లేదు. బాణంలా పొదల్లోకి దూరింది. సంపూర్ణ మంచు గడ్డిలో కూలబడింది. "సంసోనూ" అని అరిచిందో, మనసులోనే అనుకుందో ఆమెకు తెలియదు.

పగిడయ్య వచ్చి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. "లే బిడ్డా. పైకి చూడు." వెదురు చివర ఒక నల్ల పిట్ట ఊగుతోంది. దాని తోక నుంచి రెండు సన్నని పుల్లలు వేలాడి, వాటి చివర రెండు ఆకులు కట్టినట్టుంది. "పసులపోలిగాని జాతే, అడవిది. ఎవరి కూత ఇంటే ఆ కూత కూస్తది. వాడు రెండు నెలలు ఈడ్నే కద ఈల ఏసింది. ఇది నేర్చింది."

"ఎన్ని దినాలు ఉంటది తాతా, దాని నోట్ల?"

"నాకేం ఎరుక? అది బతికినన్ని దినాలు ఉండచ్చు."

పొదల్లో ఆకులు కదిలాయి. వెళ్లి చూస్తే డేగ నేల మీద ఉంది. రెక్కలు గొడుగులా పరిచి, వాటి కింద ఒక తొండను తొక్కిపట్టి చీల్చుకు తింటోంది. దాని మొదటి వేట. "ఇగ నీతోటి పనిలేదు దానికి," అన్నాడు పగిడయ్య. "పట్టీలు కొయ్యి. లేకుంటె కొమ్మలకు తట్టుకుని యాలాడి చస్తది." సంపూర్ణ మోకాళ్ల మీద పాకుతూ దగ్గరికి వెళ్లి, బ్లేడుతో రెండు కాళ్ల తోలుపట్టీలూ కోసింది. డేగ తినడం ఆపలేదు. కడుపు నిండాక ముక్కు కొమ్మకు రాసుకుని, ఒకసారి ఒళ్లు విదిలించుకుని ఎగిరిపోయింది. ఆమె పిలవలేదు.

ఇంటికి వచ్చి జరిగింది జరిగినట్టు అత్తకు చెప్పింది. రాహేలమ్మ చీర కొంగు సర్దుకుంటూ లేచింది. "నన్ను తోల్కపో ఆడికి."

రెండు రోజుల తర్వాత తీసుకెళ్లింది. పగిడయ్య ఇంట్లోంచి మంచం తెచ్చి పొదల ముందు వేశాడు. రాహేలమ్మ దాని మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దెక్కింది. పిట్ట రకరకాలుగా కూసింది. మేకలా అరిచింది, ఇంకేదో పిట్టలా కూసింది. ఆఖరికి ఈల వేసింది. మూడుసార్లు, ఒకదాని వెనక ఒకటి.

రాహేలమ్మ తల ఒక పక్కకి వాల్చి మూడూ విన్నది. "వాడు కాదు," అంది. "వాడేస్తే ఆఖర్ల జారుతది. ఇది జారుతలేదు."

 మూడుసార్లూ జారింది. సంపూర్ణ చెవులారా విన్నది.

"వాడు లేడు బిడ్డా," అంది రాహేలమ్మ మంచం మీంచి లేస్తూ. "పాస్టరు గారికి చెప్పు, ఆదరణ కూడిక పెట్టుకుందం."

తిరిగి వస్తుంటే దారిలో సంపూర్ణ ఆగిపోయింది. అయిదు నెలలుగా మింగిన మాట బయటికి వచ్చింది. "ఆ దినం కోడిపిల్ల అడిగిండు అత్తమ్మా. నేనియ్యలే. ఇస్తే కట్టకు పోకపోతుండె."

రాహేలమ్మ ఆమె మోచేయి పట్టుకుంది. నడక కోసమో, ఓదార్పుకో. "నాకు ఇనపడ్డది. నేను లోపల్నే ఉన్న. లేసి నేనన్న ఇయ్యచ్చు కద? నడుం నొస్తుందని లేవలే."

ఇద్దరూ రోడ్డుదాకా అలాగే నడిచారు.

ఆదరణ కూడిక ఆ నెలలోనే జరిగింది. రాహేలమ్మ మరో రెండేళ్లు బతికింది. సంపూర్ణ బడిలో వండుతూనే ఉంది. ఊళ్లో కొందరు ఆమెను డేగ సంపూర్ణ అనేవాళ్లు. ఎక్కడన్నా డేగ పిల్ల గూటినుంచి పడితే అడగడానికి వచ్చేవాళ్లు. ఆమె చెప్పేది. చెట్టెక్కి మళ్లీ గూట్లో పెట్టమని, ఇంటికి మాత్రం తేవద్దని.

2009 చలికాలంలో పగిడయ్య సంతకు వచ్చే మనిషితో కబురు పంపాడు. ఈ ఏడు ఆ వెదురు పొదలు నరుకుతారట, పిట్ట ఇంకా అక్కడే ఉంది, ఒకసారి వచ్చి పొమ్మని. సంపూర్ణ పొయ్యి మీద పప్పు కలుపుతోంది. "వస్తనన్నదని చెప్పు," అంది.

వెళ్లలేదు.