బండ పైనుంచి అడిగిన గొంతు

నా మీద పడిన బండను ఒక మనిషి ఎత్తాడు. అలాంటి మనిషే లేడని మా మేస్త్రీ ఊరంతా చెప్పి నన్ను అబద్ధాలకోరును చేశాడు.

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. బడి గడప తొక్కలేదు. శనక్కాయల పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అమావాస్యకు గనిలో కోడిని కోస్తుంటే, రాయికెందుకు కోడికూర, మనకు పెట్టండని వాదులాడినవాడిని. నాది పిరికివాడి మాట అనుకోవద్దు.

వయసులో ఉండగా బేతంచెర్ల పక్క నాపరాళ్ల గనిలో పని చేసేవాడిని. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పైన ఒకడు పొర సందులో గడ్డపార దూర్చి తొక్కుతాడు. కింద ఒకడు రాలిన రాతిపెంకులు ఏరుతుంటాడు. పైవాడికి కిందవాడు కనపడడు. అందుకని తొక్కే ముందు పైవాడు "ఉండావా?" అని అడగాలి. కిందవాడు పక్కకు తప్పుకుని "ఉండా" అనాలి. ఆ జవాబు రానిదే గడ్డపార కదలకూడదు. పనిలోకి కొత్తగా వచ్చినవాడికి మొట్టమొదట నేర్పేది ఇదే.

ఆ మధ్యాహ్నం అందరూ సంగటి తినడానికి పైన కొట్టంలోకి వెళ్లారు. ఎండకు ఇనుము కాలుతుందని గడ్డపారలన్నీ వెంట తీసుకుపోయారు. ఆకలి లేక నేను కిందే ఉన్నాను. పొద్దున కదిలించి వదిలిన బండ జారి నా నడుం నుంచి రొమ్ము దాకా పడింది.

అప్పుడు నొప్పి తెలియలేదు. ఊపిరి ఆడకపోవడం తెలిసింది. అరవడానికి గొంతు లేదు. అంతలో బండ పైనుంచి ఎవరో, పనిలో అడిగినట్టే, నిదానంగా అడిగారు.

"ఉండావా?"

ఎలా అన్నానో తెలియదు. "ఉండా" అన్నాను.

బండ ఒక పక్క లేచింది. సందులో గడ్డపార మొన కనపడింది. ఒక నల్లరాయి లోపలికి జరిగి బండకు ఆనింది. నాకు ఊపిరి వచ్చింది. మొన వెనక్కి వెళ్లిపోయింది. మనిషిని నేను చూడలేదు. చూశానని ఎన్నడూ చెప్పలేదు కూడా.

తిని వచ్చినవాళ్లు ఐదారుగురు పట్టుకుంటేగానీ ఆ బండ కదల్లేదు. మా గనిలో నల్లరాయి పుట్టదు. అయినా ఆ రాయి అందరి కళ్లముందే ఉంది. మేస్త్రీ తిమ్మప్ప నన్ను పట్టి లేపకముందే ఆ రాయిని తీసి, నీళ్లు నిలిచిన పాతగుంతలోకి విసిరేశాడు. ఎందుకు విసిరాడు? ఎవరో బండ ఎత్తి ఆ రాయి పెట్టారని చెప్పి, అదే అడిగాను.

"ఏమప్పా, చావబోయేటోళ్లకు దేవుడు కనపడతాడంటారు. నీకు కూలోడు కనపడినాడా?" అన్నాడు. అందరూ నవ్వారు.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఎముకలు అతికాయి. నొప్పి మాత్రం ఉండిపోయింది. తెల్లవారి మంచం మీంచి కాళ్లు దించితే ఆ బండ మళ్లీ పడినట్టే. గొంతుక్కూర్చోలేను. దగ్గితే కళ్లనీళ్లు వస్తాయి. మా ఆడమనిషి ఇసుక వేయించి, మూటకట్టి కాపడం పెడుతుంది. నొప్పి తెలుస్తోందంటే కాళ్లు చచ్చిపోలేదని సంతోషపడమన్నాడు డాక్టరు. ఆ రోజు ఆయన్ని కొట్టాలనిపించింది.

కానీ ఆ కాళ్లతోనే చేను దాకా నడిచాను. మనవరాలి బిడ్డను ఒళ్లో పెట్టుకుని జోకొట్టాను. ఇదంతా ఎవరో ఎత్తి ఇచ్చిన బతుకు. ఇచ్చినవాడికి దండం పెట్టాలి గదా? ఎవరికి పెట్టను?

"పేరు తెల్లేదని దండం దారి తప్పుతాదా?" అంటుంది మా ఆడమనిషి. ఆమెకు సరిపోతుందేమో. నాకు సరిపోలేదు. సంతలో, పెళ్లిళ్లలో, బస్టాండులో, తిమ్మప్ప ఎక్కడ కనపడితే అక్కడ అడిగాను. నన్ను చూసి దారి మార్చుకుని పోయేవాడు.

ఈ మధ్య ఆయన మంచాన పడ్డాడనీ, నందికొట్కూరులో కూతురి ఇంట్లో ఉన్నాడనీ తెలిసింది. గుంత వచ్చినప్పుడల్లా పళ్లు కరుచుకుంటూ బస్సులో పోయాను. మనిషి ఎండిపోయి ఉన్నాడు. జాలి కలిగింది, అయినా అడిగాను. దండం పెట్టుకోవడానికి ఒక్క పేరు చెప్పమన్నాను.

కూతుర్ని బయటికి పొమ్మని సైగ చేశాడు. తర్వాత ఆయన చెప్పిన మాటను ఎన్ని విధాల తిప్పి చూసినా నాకు తెగడం లేదు. గొంతు ఎవరిదైనా, గడ్డపార ఎక్కడిది? నల్లరాయి ఎక్కడిది? ఆయన ఇచ్చిన జవాబు మాత్రం ఇది:

"కొట్టంలోకి నాకూ ఇనపడిందప్పా ఆ గొంతు. అది యెవురిదో నాకు తెలుసు. నువ్వు పనిలోకి రాకముందే ఆ పాతగుంతలోనే బండ కింద పోయినాడు. పేరు మాత్రం నా నోట అడగాకు. వాడు పోయిన పొద్దు పైన ఉండింది నేనే. ఉండావా అని అడగకుండానే తొక్కినా."