తెలుగు చెప్పడానికి కావలసిన అర్హతలు

క్వాలిఫికేషన్ అనే మాటకి మా అమ్మకు నోరు తిరిగేది కాదు. "కాలిపికేషను" అనేది. నా పెళ్ళిచూపులప్పుడు మధ్యవర్తి "పిల్ల క్వాలిఫికేషన్లు ఏంటమ్మా?" అని అడిగితే, "వంటొచ్చు, మిషను కుట్టడం వచ్చు, ఎమ్మే తెలుగు చదివింది" అని అదే వరసలో చెప్పింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు ఆ మాటంటే నాకు భయం లేదు.

మేం దూదేకులవాళ్ళం. నాన్న చీరాలలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మసీదుకు వెళతాం, రంజాన్‌లో రోజాలుంటాం, ఇంట్లో మాత్రం మాట్లాడేది తెలుగే. ఉర్దూలో నాకు ఒక్క వాక్యం కూడా రాదు. తెలుగంటే ఇష్టంతో ఎమ్మే చేశాను, తర్వాత బీఎడ్. పెళ్ళయ్యాక పెదకాకాని దగ్గర ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేరి చాలా ఏళ్ళు పనిచేశాను. మొన్నీమధ్య ఒక వేసవిలో ఆ స్కూలు మూసేశారు. అదే వేసవిలో, మిర్చి బండి తోలే మా ఆయనకు లోడు దింపుతుంటే నడుం పట్టేసింది. డిస్కు జారిందన్నారు. బండి తోలడం మాట అటుంచి, మంచం మీద పక్కకు తిరగాలన్నా నేనే పట్టుకోవాల్సి వచ్చేది.

సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని స్కూళ్ళ వెంట తిరగడం మొదలుపెట్టాను.

పొన్నూరులో ఒక కరస్పాండెంటు గారు నా కాగితాలన్నీ ఓపిగ్గా చూశారు. "క్వాలిఫికేషన్ అంతా బానే ఉందమ్మా. కానీ..." అని ఆగారు.

"కానీ ఏంటండీ?"

"పేరెంట్స్ అడుగుతారమ్మా. తెలుగు పద్యాలు చెప్పే టీచరంటే వాళ్ళకి ఒక ఇది ఉంటది. పేరు చూసి ఏమనుకుంటారో. సోషల్ చెబుతానంటే, ఖాళీ వచ్చినప్పుడు చూద్దాం."

"ఒక్క క్లాసు చెప్పించుకుని చూడండి సార్. పిల్లల్నే అడగండి."

"మీకు రాదని నేననట్లేదమ్మా" అన్నారాయన. ఆ మాట అనేటప్పుడు నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కసురుకుని ఉంటే తిరిగి ఒక మాటైనా అనేదాన్ని.

గుంటూరులో మనవాళ్ళు, ముస్లింలే నడిపే స్కూలు ఒకటుంది, అక్కడ అడగమని ఎవరో చెప్పారు. వెళ్ళాను. గడ్డం నెరిసిన పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, ఉర్దూలో ఏదో అడిగారు. నాకు అర్థం కాలేదు.

"నాకు ఉర్దూ రాదండీ."

ఆయన నమ్మలేనట్టు చూశారు. "ముసల్మాను పిల్లవయ్యుండి ఉర్దూ రాదా అమ్మా?"

"తెలుగు పోస్టుకే కదండీ వచ్చాను."

"మా పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారమ్మా. తెలుగులో అర్థం కానిది నువ్వు వాళ్ళకి ఏ భాషలో చెబుతావు?"

ఆ ప్రశ్నలో తప్పు లేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని లేచాను. ఎండలో బస్టాండు దాకా నడిచాను. తెలుగులో అర్హత అంటారు, యోగ్యత అంటారు, తగినతనం అంటారు. పిల్లలకు పర్యాయపదాలు రాయించిన దాన్నే. ఎవరికి తగాలో, ఎందుకు తగాలో ఏ నిఘంటువులో ఉందని వెతకను?

బట్టల షాపులో సేల్స్ గర్ల్ పని అడిగాను. "ఎమ్మేనా? మీరు నాలుగు రోజులు చేసి వెళ్ళిపోతారు మేడం" అన్నారు. ఆ తర్వాత సర్టిఫికెట్ల సంచి ఇంట్లోనే వదిలేశాను. కోల్డ్ స్టోరేజీ పక్క షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళాను. ముఠాని నడిపే ఆవిడ "ఏం చదివావ్?" అంది.

"పది."

"చదువుతో ఇక్కడ పనేం లేదులే. చెయ్యి ఆడాలి. కూర్చో."

చెయ్యి ఆడలేదు. పక్కనున్న ఆడవాళ్ళ ముందు కాయల కుప్పలు పెరుగుతుంటే నా ముందు గుప్పెడు కూడా ఉండేది కాదు. ఘాటుకు తుమ్ములు ఆగేవి కావు. తెలియక కళ్ళు తుడుచుకుంటే ఇంకా మండేవి. ఇంటికొచ్చి చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేదాన్ని. వారం తిరక్కుండానే ఆవిడ నన్ను పక్కకు పిలిచింది.

"నీకీ పని రాదమ్మా. మా వాళ్ళు గొడవ పెడతన్నారు. ఏమనుకోమాక."

"నేర్చుకుంటానక్కా. ఇంకొన్నాళ్ళు ఉండనివ్వు."

"ఈ వయసులో రాదు తల్లీ" అని నా భుజం మీద చెయ్యి వేసింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన గోడవైపు తిరిగి పడుకునే అన్నారు. "అంత చదివి, కాయకి తొడిమ కూడా తీయలేకపోయావా?"

ఆయన నొప్పిలో ఉన్నారు. నాకు తెలుసు. అయినా వంటింట్లోకి వెళ్ళి, కుక్కరు మోతలో నా గొంతు వినపడదని ఏడ్చాను. బతకడానికి కూడా ఏదో పరీక్ష ఉంది, అందులో నేను తప్పాను అనిపించింది. పెరట్లోని నూతివైపు చూడకుండా నడవడం కొన్నాళ్ళు అలవాటు చేసుకున్నాను. ఇంతకు మించి రాయలేను.

స్కూళ్ళు తెరిచాక ఒక పొద్దున పొన్నూరు నుంచి ఫోను. ఆ కరస్పాండెంటు గారే. తెలుగు టీచరుకు నెలలు నిండకముందే నొప్పులొచ్చి ఆసుపత్రిలో చేర్చారట. క్లాసులు ఖాళీగా ఉన్నాయి.

"పేరెంట్స్ ఏమనుకుంటారో అన్నారు కదండీ" అన్నాను.

"అదంతా తర్వాత చూద్దాంలేమ్మా. ఇప్పుడు బయల్దేరితే ఎన్నింటికి రాగలరు?"

వెళ్ళాను. తల్లిదండ్రులెవరూ నా పేరు గురించి అడగలేదు. ఒక తల్లి మాత్రం వచ్చి, తన కూతురు ఒత్తులు పలకడం లేదని, కాస్త కూర్చోబెట్టి చెప్పమని అడిగింది. చెప్పాను. ఆ కొద్ది నెలలు క్లాసులో నిలబడ్డంతసేపూ ఊపిరి సరిగ్గా ఆడేది.

దసరా సెలవుల ముందు ఆ టీచరు నాకు ఫోను చేసింది. బిడ్డ కోలుకున్నాడట. సెలవుల తర్వాత తను వచ్చి చేరుతుందట. "మీకు చెప్పకుండా రావడం బాగోదనిపించిందండీ" అంది.

"మంచిదమ్మా" అన్నాను. బాబు పాలు తాగుతున్నాడా, రాత్రిళ్ళు పడుకుంటున్నాడా అని అడిగాను. బెల్లు కొట్టారు. ఫోను సంచిలో వేసుకుని ఏడో తరగతిలోకి వెళ్ళి, నిన్న ఆపిన సంధుల దగ్గర మొదలుపెట్టాను.