అన్నం తిన్నవా అని అడిగిన నర్సు

ముప్పై ఏళ్లు దుబాయ్‌లో మేస్త్రీ పని చేశాను. అన్నేళ్లలో నా ఒంట్లో ఎలా ఉందో నా భాషలో అడిగిన డాక్టరు ఒక్కడూ లేడు. ఆ మంట ఇంకా ఆరలేదు. కానీ కరోనా తగ్గాక అల్ వర్సాన్ వైపు వెళ్లే బస్సులో కలిసిన ఆమె గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ హుషారొస్తుంది.

ఆమె ఫిలిప్పీన్స్ నర్సు. సెలవు రోజున కార్మికుల ఉచిత వైద్య శిబిరానికి వెళ్తోంది. నా పక్కన కూర్చుని, నేను తెలుగువాణ్నని తెలిశాక హిందీలో అడిగింది.

"చాచా, మీ తెలుగువాళ్లు ఏమడిగినా 'కుచ్ నహీ' అంటారెందుకు? పోయినసారి శిబిరంలో ఒకాయన కడుపు పట్టుకుని మరీ అదే మాటన్నాడు. ఇవాళైనా చెప్పకపోతే ప్రాణం మీదికొస్తుంది."

"రోగమని తెలిస్తే కంపెనీ ముదీర్ పనిలోంచి తీసేసి ఇంటికి పంపుతాడని భయం!" అని మండిపడ్డాను. "జబ్బు సంగతి తర్వాత. ముందు మా భాషలో 'అన్నం తిన్నవా, అన్నా' అని అడుగు."

ఆమె అక్కడే సాధన మొదలుపెట్టింది. ముందు సీట్లోని కరీంనగర్ కుర్రాడు వెనక్కి తిరిగాడు. "పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవక్కా, జర ప్రేమతోని!" బస్సంతా నవ్వులే.

స్టాపు వచ్చింది. ఆమె లేచి, ఆఖరిసారిగా నన్నే అడిగింది. "అన్నం తిన్నవా, అన్నా?"

"యాడ తింట బిడ్డా, నెల నుంచి ముద్ద దిగుతలేదు," అనేశాను. నా భార్యకు కూడా చెప్పని మాట అది! కుర్రాడు వెంటనే హిందీలో చెప్పేశాడు.

"యల్లా, పదండి చాచా!" అంటూ ఆమె నా సంచీ లాక్కుని దిగింది.

శిబిరం వరసలో నా ముందు కడుపు పట్టుకుని నిలబడింది ఆమె చెప్పిన ఆయనే. ఆమె అదే ప్రశ్న అడిగింది. ఆయన చెప్పుకుంటూ పోతే, నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.