మామ పొట్టకు చాలని మగ్గం

మా మామ కుళ్లాయప్ప మాత్రలు మానేశాడని ధర్మవరం నుంచి ఈశ్వరత్త ఫోన్ చేసినప్పుడు నాకు జాలి కలగలేదు. ఒళ్లు మండింది.

మామ పట్టుచీరలు నేస్తాడు. రెండేళ్ల కిందట చీర మీద డిజైను తీయడానికి మగ్గం పైన ఆడే జకార్డు అట్టల చప్పుడులో ఎవరో తనను పేరు పెట్టి తిడుతున్నారని నేత ఆపేశాడు. మా హిందూపురంలో మానసిక వైద్యురాలికి చూపించాం. ఆమె ఇచ్చిన మాత్రలతో తిట్లు ఆగిపోయాయి, ఆకలి మొదలైంది. పుల్లలా ఉండే మనిషి ఏడాది తిరిగేసరికి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు.

పెనుకొండలో పెద్దకూతురి దగ్గరుండే మా అవ్వ తిప్పమ్మకు మొదట సంబరమే. "నా కొడుకు ఒళ్లు చేసినాడు, జబ్బు పోయింది" అని దిష్టి తీసింది. ఆ తర్వాత అదే నోటితో "కొవ్వెక్కినాడు, నోరు కట్టుకోడు" అని మొదలుపెట్టింది. ఈ మనుషులతో ఎట్లా వేగాలి?

నేను ధర్మవరం పోయేసరికి మామ మగ్గం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మాత్రలు యాడ మామా?"

"సజ్జ మీద ఉండాయి. నువ్వే మింగుపో."

"తిట్లు మళ్లీ వినపడతాండాయా?"

"మెల్లగా." మగ్గం వైపు చెయ్యి చూపించాడు: "తిట్లు వినపడినా ఎట్లోగట్ల నేయొచ్చబ్బీ. పొట్ట అడ్డమొస్తే ఎట్ల నేసేది?"

అది గుంత మగ్గం. గుంతలోకి కాళ్లు దించి గట్టు మీద కూర్చోవాలి. నేసిన చీర చుట్టుకునే కొయ్య ఒడికి దగ్గరగా ఉంటుంది. మామ కూర్చుంటే ఆ కొయ్య పొట్టలో గుచ్చుకుంటోంది. అందుకని మాత్ర మానేశాడు.

"గట్టు చెక్కి వెనక్కి జరిపితే సరిపోలా?" అన్నాను.

అత్త చెంపలేసుకుంది. "మీ తాత పూజ చేసి తవ్విన గుంత. దాన్ని ముట్టుకుంటే అత్తమ్మ నన్ను బతకనిస్తాదా?"

అవ్వకు ఫోన్ చేస్తే, "మనిషి తగ్గాల గానీ మగ్గాన్ని పెంచుతారా యాడన్నా?" అని పెట్టేసింది. పోయిన మనిషి తవ్విన గుంత మారకూడదట, బతికున్న మనిషి మాత్రం మారాలట!

మర్నాడు ముగ్గురం హిందూపురం రైలెక్కాం. డాక్టరమ్మ ఏమంటుందో తానూ వింటానని పెనుకొండలో అవ్వ ఎక్కింది. ఎక్కుతూనే, "ఏమిరా, సీటంతా నీకేనా?" అంది కొడుకుతో. ఆమె కూర్చున్నాక మిగతా సీటు కూడా నిండిపోయింది. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది: "మీ ఇంట్లో ఎవరికైనా లావు, షుగర్ ఉన్నాయా?"

"మా వంశంలో అట్లాంటి పీడలు లేవమ్మా," అని అవ్వ అందుకుంది. "వీడు తినేదే ఎక్కువ."

అంతదాకా నేల చూస్తున్న మామ తలెత్తాడు. "అమ్మా, నీ కొంగున ముడేసుకున్న మాత్రలేంది మరి?"

"అవి... అరిగేదానికి."

డాక్టరమ్మ చేయి చాచింది. అవ్వ ముడి విప్పింది. షుగర్ మాత్రలే. "మా అన్నకూ ఉండాది" అని గొణిగింది. అత్త నోరు తెరుచుకుని చూస్తోంది. ఇన్నేళ్ల నుంచి అత్తకు కూడా తెలియదు!

"తిట్టడానికి అడగలేదమ్మా," అంది డాక్టరమ్మ. "ఒకే మాత్ర ఇద్దరికిస్తే ఒకరు బాగా లావవుతారు, ఇంకొకరికి పెద్దగా తేడా ఉండదు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులు కూడా అందుకు ఒక కారణం. ఈయన ఆకలి మాత్ర పెంచిన ఆకలి. తిండిపోతుతనం కాదు."

"అట్లయితే రక్తం తీసి, ఎవరికి ఏ మాత్ర పడతాదో ముందే చెప్పొచ్చు కదా మేడమ్?" అన్నాను.

"పరిశోధనలు నడుస్తున్నాయి. కచ్చితంగా చెప్పే పరీక్ష ఇంకా లేదు."

"మరి ఇంత చదువులు చదివి ఏం లాభం?"

అత్త నన్ను గిల్లింది. డాక్టరమ్మ మాత్రం, "ఆ విసుగు నాకూ ఉంది" అంది. మామకు షుగర్ పరీక్ష రాసింది. ఒళ్లు అంతగా పెంచని మరో మాత్రకు మెల్లగా మారుద్దామంది. "ఒళ్లు తగ్గడానికి నెలలు పట్టొచ్చు. పూర్తిగా తగ్గకపోవచ్చు కూడా. మీ అంతట మీరు ఆపితే మాత్రం తిట్లు పెరుగుతాయి."

"అన్ని నెలలు నేను నేయకుండా ఎట్ల ఉండేది?" అన్నాడు మామ. డాక్టరమ్మ దగ్గర దానికి మందు లేదు.

సాయంత్రం తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. అవ్వ కదల్లేదు.

"దిగవా అవ్వా?"

"మీ ఇంట్లో గడ్డపార ఉండాదా?" అని కోడలిని అడిగింది.

ధర్మవరంలో పడుగు మీద దుమ్ము పడకుండా అత్త దుప్పటి కప్పింది. అవ్వ గట్టుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, గడ్డపార నా చేతికిచ్చింది. "మీ తాత ఉండింటే ఆయనే చెక్కుండేవాడు" అంది. నిన్న ఫోన్‌లోనే ఈ మాట అనుంటే ఏం పోయింది? చెక్కుతున్నంతసేపూ "వంకర పోతాండాది, కళ్లు లేవా?" అని నన్నే తిట్టింది.

మామ కూర్చున్నాడు. కొయ్యకూ పొట్టకూ మధ్య పిడికిలి పట్టేంత సందు వచ్చింది. నాలుగు పోగులు నేసి ఆగాడు. చెవి అట్టల వైపే ఉంది.

"ఏమన్నా అంటాండాయా?" అంది అత్త.

"అంటాండాయి. నీళ్లు తీసుకురా."

మాత్ర మింగి, చెంబు పక్కన పెట్టి నా వైపు చూశాడు. "నువ్వు నవ్వద్దబ్బీ. నీలో ఉండేదీ మా రక్తమే."

నేను నవ్వలేదు. పొట్ట మాత్రం లోపలికి లాక్కున్నాను.